స్టెమ్ అనే మాట వెనక కథ

ఏటా సెప్టెంబరులో క్లాసులు మొదలైన రెండు వారాలకు మనకు ఒక రకం ఈమెయిలు వస్తుంది. "నమస్తే అండీ. మా బాబు ఆరో తరగతికి వచ్చాడు. ఆదివారం రోబోటిక్స్ ప్రాక్టీసు, మ్యాథ్ కోచింగు రెండూ పడుతున్నాయి. ఇక స్టెమ్ మీద దృష్టి పెట్టాల్సిన వయసు కదా. తెలుగు ఈ ఒక్క ఏడాదికి ఆపుదామనుకుంటున్నాం." రాసినవాళ్ళు తెలుగంటే ఇష్టం లేనివాళ్ళేం కాదు. నాలుగేళ్ళపాటు మంచులో కూడా పిల్లవాణ్ణి తెచ్చి దింపినవాళ్ళే, సంక్రాంతి రోజున మన హాల్లో ముగ్గులు వేసినవాళ్ళే. అయినా ఆ "ఒక్క ఏడాది" అయ్యాక పిల్లవాడు తిరిగి రావడం చాలా అరుదు. ఎక్కువకాలం నుంచి పాఠాలు చెబుతున్నవాళ్ళకు ఈ సంగతి తెలుసు.

మనం ఇచ్చే జవాబులు రెండే. ఒకటి, "సరేనండీ, వచ్చే ఏడాది చూద్దాం." రెండోది, "రెండు భాషలు వస్తే మెదడు చురుగ్గా ఉంటుందండీ, లెక్కలు కూడా బాగా వస్తాయి." ఈ రెండోది మనం ఎక్కడో విని చెబుతున్న మాట. తెలుగు క్లాసుకి వస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేనైతే ఎవరికీ హామీ ఇవ్వను.

ఈ పుస్తకంలో గుణింతాలు ఎలా చెప్పాలి, కథ ఎలా చదివించాలి అనేవాటికి వేరే అధ్యాయాలున్నాయి. ఇది చరిత్ర. ఆ ఈమెయిలులో ఉన్న "స్టెమ్" అనే మాట ఎక్కడ పుట్టింది, ఎవరి అవసరం కోసం పుట్టింది, అందులో భాషలకు చోటు ఉందా లేదా అన్నది తెలిస్తే జవాబు రాసేటప్పుడు మన చెయ్యి అంత తడబడదు.

మాట వయసు ఎంతో లేదు. 1990లలో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ, అంటే ఎన్ఎస్ఎఫ్, సైన్సు, మ్యాథమేటిక్స్, ఇంజనీరింగ్, టెక్నాలజీ అనే నాలుగింటినీ కలిపి "స్మెట్" అని రాసుకునేది. ఆ శబ్దం ఇంగ్లీషులో ఒక బూతుమాటకు దగ్గరగా ఉండేది. 2001లో అక్కడ విద్యా విభాగానికి అధిపతిగా వచ్చిన జూడిత్ రామలీకి అది నచ్చక, అక్షరాలను అటూ ఇటూ మార్చి "స్టెమ్" చేశారు. చెవికి ఇంపుగా ఉండటం ఒక్కటే కాదు, ఆ క్రమంలో ఒక అర్థం కూడా ఉందని ఆవిడ చెప్పారు. సైన్సు ఒక చివర, గణితం ఇంకో చివర నిలబడి, మధ్యలో ఉన్న టెక్నాలజీని, ఇంజనీరింగును మోస్తాయన్నమాట. నాలుగూ విడివిడి సబ్జెక్టులా, కలిపి నేర్పాల్సిన ఒకే పద్ధతా అన్న చర్చ అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. స్కూలు బోర్డు మీద "స్టెమ్ అకాడమీ" అని రాసి ఉంటే లోపల ఏం జరుగుతుందో ఆ బోర్డు చూసి చెప్పలేం.

మాట కొత్తదే గానీ దాని వెనక ఉన్న ఆలోచన పాతది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో, వానెవర్ బుష్ అనే ఇంజనీరు అధ్యక్షుడికి ఒక నివేదిక ఇచ్చాడు. రాడారు, పెన్సిలిన్ లాంటివి యుద్ధంలో ఏం చేశాయో అందరూ చూశారు గనక, శాంతికాలంలోనూ ప్రభుత్వమే సైన్సుకు డబ్బు పెట్టాలని, ప్రతిభ ఉన్న పిల్లల్ని వెతికి చదివించాలని అందులో వాదించాడు. అలా 1950లో ఎన్ఎస్ఎఫ్ ఏర్పడింది. ఎంఐటీలో జెరాల్డ్ జకారియస్ బృందం 1956లోనే హైస్కూలు ఫిజిక్సు పాఠాలను తిరగరాయడం మొదలుపెట్టింది. స్పుత్నిక్ వచ్చాకే అమెరికా మేలుకొందని అందరూ అంటారు గానీ, పని అప్పటికే మొదలైంది. స్పుత్నిక్ చేసిందల్లా డబ్బు సంచి మూతి విప్పించడం.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ఆ ఉపగ్రహాన్ని పైకి పంపింది. 58 సెంటీమీటర్ల గోళం, బరువు 83.6 కిలోలు. మామూలు రేడియో ఔత్సాహికులు కూడా తమ ఇళ్ళలో కూర్చుని దాని బీప్ బీప్ చప్పుడు విన్నారు. నెల తిరక్కుండానే లైకా అనే కుక్కతో రెండోది వెళ్ళింది. డిసెంబరు 6న అమెరికా ప్రయోగించిన వాన్‌గార్డ్ రాకెట్టు టీవీలో దేశమంతా చూస్తుండగానే నేల మీదే పేలిపోయింది. ఇక పత్రికలు బడుల మీద పడ్డాయి. 1958 మార్చిలో లైఫ్ పత్రిక మాస్కో కుర్రాణ్ణీ షికాగో కుర్రాణ్ణీ పక్కపక్కన పెట్టి, ఒకడు లెక్కలు చేస్తుంటే ఇంకొకడు సరదాగా తిరుగుతున్నాడని ఫొటోలు వేసింది. పక్కింటి పిల్లవాడితో పోల్చడం మన ఇళ్ళకే సొంతం అనుకునేవాళ్ళు ఆ సంచిక ఒకసారి చూడాలి.

ఆ కంగారులోంచి వచ్చిందే జాతీయ రక్షణ విద్యా చట్టం. 1958 సెప్టెంబరు 2న, అంటే స్పుత్నిక్ వచ్చిన పదకొండు నెలలకు, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దాని మీద సంతకం చేశాడు. పేరులోనే "రక్షణ" ఉంది. చదువు రాష్ట్రాల వ్యవహారం, అందులో కేంద్రం వేలు పెట్టకూడదు అనుకునే దేశంలో, ఆ మాట జోడించకపోతే చట్టం గట్టెక్కేది కాదు.

మనం బాగా పట్టించుకోవలసిన చోటు ఇదే. ఆ చట్టంలో బడులకు పరికరాలు, ప్రయోగశాలలు కొనిపెట్టే మూడో భాగం ఉంది. అందులో మూడు సబ్జెక్టులను ఒకే వరసలో రాశారు: సైన్సు, గణితం, ఆధునిక విదేశీ భాషలు. ఆరో భాగమైతే పూర్తిగా భాషల కోసమే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో అంతగా ఎవరూ నేర్పని భాషలకు కేంద్రాలు పెట్టడానికి, విద్యార్థులకు ఫెలోషిప్పులు ఇవ్వడానికి దాన్ని ఉద్దేశించారు. ఉపగ్రహం చూసి భయపడిన దేశం లెక్కల మేష్టార్లతో పాటు భాషల మేష్టార్లు కూడా లేరని గుర్తించింది. రష్యన్ చదవలేకపోతే రష్యా సైన్సు పత్రికల్లో ఏముందో ఎలా తెలుస్తుంది?

ఆ వరసలోనే మన భాషకూ చోటు దొరికింది. దక్షిణాసియా భాషలు నేర్పే కేంద్రాలు కొన్ని విశ్వవిద్యాలయాల్లో బలపడ్డాయి. తెలుగు నేర్పినవాటిలో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ముఖ్యమైనది. 1971లో అక్కడికి వచ్చిన వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాలపాటు తెలుగు చెప్పారు. అంతకు ముందే, 1963లో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న లీ లిస్కర్ మాట్లాడే తెలుగు నేర్పడానికి ఒక పాఠ్యపుస్తకం రాశాడు. ఈ లిస్కర్ మనుషులు పలికే ధ్వనులను ప్రయోగశాలలో యంత్రాలతో కొలిచిన శాస్త్రవేత్త. ఆయన్ని భాష గదిలో కూర్చోబెట్టాలో, సైన్సు గదిలో కూర్చోబెట్టాలో నాకు తెలియదు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఆ చట్టం రాసినవాళ్ళు మన పిల్లలు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడాలని రాయలేదు. వాళ్ళకు భాషా ఆయుధమే, ఫిజిక్సూ ఆయుధమే. రెంటినీ పక్కపక్కన పెట్టింది ప్రేమ కాదు, దేశ అవసరం. అయినా పక్కపక్కనే పెట్టారన్నది నిజం.

అరవైల్లో "న్యూ మ్యాథ్" వచ్చింది. సమితులు, పదికి బదులు ఇతర ఆధారాల్లో లెక్కలు వగైరా. హోంవర్కులో సాయం చేయబోయిన తల్లిదండ్రులకు ఏమీ అర్థం కాలేదు. పదిహేనేళ్ళు తిరిగేసరికి "మళ్ళీ కూడికలూ తీసివేతలూ నేర్పండి బాబూ" అనే గొడవ మొదలైంది. దాని గురించి ఇంతకంటే అవసరం లేదు.

మన కథ 1965లో కలుస్తుంది. ఆ ఏడాది అక్టోబరు 3న స్వేచ్ఛా విగ్రహం దగ్గర అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను తీసేసింది. బంధుత్వంతో పాటు వృత్తి నైపుణ్యం ఉన్నవాళ్ళకు, శాస్త్రజ్ఞులకు ప్రాధాన్యం ఇచ్చింది. ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళే మన సంఘాల్లో మొదటి తరం డాక్టర్లు, ఇంజనీర్లు. వాళ్ళు అక్కడ తయారవుతున్నది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. రెండో పంచవర్ష ప్రణాళికకు ఇంజనీర్లు కావాలని మన దేశం ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీలు పెట్టింది. వరంగల్ కాలేజీకి 1959లో నెహ్రూ పునాదిరాయి వేశారు. 1966లో కొఠారీ కమిషన్ మొదటి పదేళ్ళ చదువులో సైన్సు, లెక్కలు అందరికీ తప్పనిసరి చేయమంది. స్టెమ్ అనే మాట పుట్టకముందే మన ఇళ్ళలో దానికి వేరే పేర్లున్నాయి: ఎంపీసీ, బైపీసీ. పదో తరగతి అయిన పిల్లవాణ్ణి చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న అదే కదా. ఈమెయిలు రాసిన అమ్మకూ నాన్నకూ స్టెమ్ అంటే ఆ ప్రశ్నకు ఇంగ్లీషు అనువాదం. వాళ్ళ జీవితంలో అది నిజంగానే పనిచేసింది గనక వాళ్ళను తప్పుపట్టడానికి లేదు.

రెండో భయం 1983లో వచ్చింది. ఈసారి రష్యా రాకెట్టు కాదు, జపాను కారు. దేశం ప్రమాదంలో ఉందంటూ ఆ ఏప్రిల్లో వచ్చిన చిన్న ప్రభుత్వ నివేదిక ఒకటి బడులను గడగడలాడించింది. హైస్కూల్లో నాలుగేళ్ళ ఇంగ్లీషు, మూడేళ్ళ చొప్పున గణితం, సైన్సు, సాంఘికం, అర్ధ సంవత్సరం కంప్యూటరు ఉండాలంది. కాలేజీకి వెళ్ళదలచినవాళ్ళు వీటికి తోడు రెండేళ్ళు ఒక విదేశీ భాష చదవాలని గట్టిగా చెప్పింది. ఇక్కడా భాషను బయటికి నెట్టలేదు.

మూడో భయం మనమే. 2005లో జాతీయ అకాడమీలు కమ్ముకొస్తున్న తుఫాను గురించి ఒక పెద్ద నివేదిక రాశాయి. చైనా, ఇండియా ఇంజనీర్లు ముంచుకొస్తున్నారు, ఏటా పదివేల మంది సైన్సు, లెక్కల టీచర్లను తయారుచేయాలి అన్నది దాని సారం. ఆ ఇంజనీర్లలో చాలామంది అప్పటికే ఈ ఊళ్ళలో అపార్టుమెంట్లలో ఉంటూ, ఆదివారాలు తెలుగు క్లాసుకి చోటు వెతుకుతున్నారు! ఆ నివేదికలోంచి 2007లో వచ్చిన పోటీ చట్టంలోనూ విదేశీ భాషల బోధనకు ఒక భాగం ఉంది. అదే కాలంలో దేశ భద్రతకు అవసరమని కొన్ని భాషల్ని ఎంచి బడిపిల్లలకు వేసవి శిబిరాలు పెట్టారు. అందులో అరబిక్, చైనీస్, హిందీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. మనవల్ల ఎవరికీ భయం లేదని సంతోషించాలో ఏమో!

ఇంతవరకూ చెప్పినదంతా విధానాల కథ. కానీ మన ఇళ్ళలో ఈ మాటకు బలం వచ్చింది వీసా కాగితాల దగ్గర. చదువు ముగించిన విదేశీ విద్యార్థి 12 నెలలు ఇక్కడ పనిచేయవచ్చు. స్టెమ్ డిగ్రీ అయితే దానికి ఇంకో 17 నెలలు కలిపారు 2008లో. 2016లో ఆ 17 కాస్తా 24 అయింది. దాంతో ఏ డిగ్రీ స్టెమ్ అన్నది ఒక జాబితాలోని కోడు నంబరు చెప్పే సంగతి అయిపోయింది. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ ఆర్థికశాస్త్రం డిగ్రీని, గణితం పాలు ఎక్కువున్న వేరే కోడు కిందికి మార్చుకుని స్టెమ్ చేసుకున్నాయి. పాఠాలు చాలావరకు అవే, ఉద్యోగం వెతుక్కునే గడువు మాత్రం మారింది. ఇంకో వింత చూడండి. ఎన్ఎస్ఎఫ్ లెక్కలో మనస్తత్వశాస్త్రం కూడా స్టెమ్ కిందికే వస్తుంది. కార్మిక శాఖ ఉద్యోగాల లెక్కలో రోగుల్ని చూసే డాక్టరు రాడు. బైపీసీ చదివి వచ్చిన మన డాక్టరు గారికి ఈ మాట చెబితే నవ్వుతారో, కోప్పడతారో!

హెచ్1బీ గురించి కూడా ఒక ముక్క. ఆ వీసా కోసం కంపెనీలు కట్టే రుసుములో కొంత భాగం, 1998 చట్టం ప్రకారం, ఎన్ఎస్ఎఫ్‌కు వెళ్తుంది. డబ్బు లేని కుటుంబాల నుంచి వచ్చి ఇక్కడ సైన్సు, ఇంజనీరింగు చదివేవాళ్ళకు దాంతో స్కాలర్‌షిప్పులు ఇస్తారు. మన తల్లిదండ్రుల్లో చాలామంది పేరు మీద కట్టిన డబ్బు ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లల ఫీజుగా మారింది. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

రక్షణ, వ్యాపారం, వీసా. ఈ మూడింటిలోనూ పిల్లవాడు ఒక పనిముట్టు. ఇవి కాక నాలుగో దారి ఒకటి నడిచింది. దాన్ని నడిపినవాడు ప్రభుత్వంలో లేడు. బాబ్ మోజెస్ 1960లలో మిసిసిపీలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి దెబ్బలు తిన్న మనిషి, వృత్తిరీత్యా లెక్కల టీచరు. 1982లో ఆయన మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో, తన కూతురు చదివే బడిలో ఆల్జీబ్రా చెప్పడం మొదలుపెట్టాడు. అప్పట్లో ఓటు హక్కు ఎలాంటిదో ఇప్పుడు ఆల్జీబ్రా అలాంటిదని, అది రానివాడు ఆర్థికంగా రెండో తరగతి పౌరుడిగా మిగిలిపోతాడని ఆయన వాదన. దేశానికి ఇంజనీర్లు చాలడం లేదన్నది ఆయన బాధ కాదు.

ఆయన నేర్పిన పద్ధతిని కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే అది మన పనికి దగ్గరగా ఉంది. ఆల్జీబ్రా దగ్గర పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారో ఆయన గమనించాడు. అంతవరకూ వాళ్ళకు సంఖ్య అంటే ఒకే ప్రశ్న: ఎన్ని? ఆల్జీబ్రాలో రెండో ప్రశ్న వస్తుంది: ఎటువైపు? ఆ రెండో ప్రశ్న వాళ్ళ మనసులో లేదు, అందుకే మైనస్ గుర్తు వాళ్ళకు తీసివేతగానే కనిపిస్తుంది. దీనికి ఆయన పిల్లల్ని బోస్టన్ మెట్రో రైలు ఎక్కించాడు. కేంబ్రిడ్జిలోని సెంట్రల్ స్క్వేర్ స్టేషన్ నుంచి ఊళ్ళోకి వెళ్ళే రైలు, బయటికి వెళ్ళే రైలు. తిరిగి వచ్చాక ప్రయాణాన్ని బొమ్మ గీయమన్నాడు. తర్వాత తమ ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే మాటల్లోనే దాని గురించి రాయమన్నాడు. వ్యాకరణం అడగలేదు. ఆ రాతలోంచి ఏవి ముఖ్యమో ఏరించి, వాటిని కట్టుదిట్టమైన వాక్యాలుగా మార్పించాడు: ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, ఎన్ని స్టేషన్లు, ఎటువైపు. చిట్టచివరికి మాత్రమే గుర్తులు, ప్లస్సులు, మైనస్సులు వచ్చాయి. అంటే సొంత మాటకూ గణితానికీ మధ్య మెట్లు కట్టాడన్నమాట. మొదటి మెట్టు ఇంటి భాష.

ఇది చదివినప్పుడు నాకు మన భాషలో ఉన్న ఒక మాట గుర్తొచ్చింది. మనం మైనస్ సంఖ్యను రుణ సంఖ్య అంటాం, ప్లస్‌ను ధన సంఖ్య అంటాం. 628లో బ్రహ్మగుప్తుడు వాడిన మాటలివి. రుణమంటే అప్పు, ధనమంటే చేతిలో ఉన్నది. నా క్లాసులో ఏడో తరగతి అమ్మాయి ఒకతె "రుణం అంటే ఏంటి?" అని అడిగితే "అప్పు" అన్నాను. రెండు క్షణాలాగి, "అయితే మైనస్ ఫైవ్ అంటే ఫైవ్ డాలర్స్ అప్పు. అప్పు తీసేస్తే ప్లస్ అయిపోతుంది!" అంది. మైనస్ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో ఆ పిల్లకు తన బడిలో చెప్పే ఉంటారు. కానీ ఆ రోజు దాన్ని తనంతట తను అనుకుంది. ఒక పిల్లను చూసి సిద్ధాంతం కట్టకూడదు, నేనూ కట్టడం లేదు. అయితే మన భాషలో లెక్కలు కొత్త కాదు. పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి శతాబ్దాలయింది. మన రోజుల్లో, డేవిస్‌లో కంప్యూటర్ సైన్సు ప్రొఫెసరుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు గారు ఏళ్ళ తరబడి సైన్సును తెలుగులో రాశారు.

ఇక ఆ ఈమెయిలుకు జవాబు. నేను ఈమధ్య ఇలా రాస్తున్నాను: "మీ ఇబ్బంది అర్థమైందండీ. రోబోటిక్స్ మానమని చెప్పను. వేళ కుదరకపోతే శనివారం సాయంత్రం బ్యాచి ఉంది. స్టెమ్ కోసం తెలుగు ఆపాలన్నది మాత్రం ఈ దేశపు చట్టాల్లో ఎక్కడా లేదు. 1958 నుంచీ లెక్కల పక్కన భాషను పెడుతూనే వచ్చారు. ఒక ఆదివారం క్లాసుకి మీరు కూడా వచ్చి వెనక కూర్చోండి." కొందరు వచ్చారు, కొందరు రాలేదు. వచ్చినవాళ్ళలో ఇద్దరు పిల్లలు శనివారం బ్యాచిలో కొనసాగుతున్నారు.

వాళ్ళు వచ్చిన రోజున నేను చేయించింది మోజెస్ పాఠమే, మన ఊరికి తగ్గట్టు మార్చినది. ఇంటి నుంచి క్లాసుకి వచ్చిన దారి గీయమంటాను. తర్వాత దాన్ని తెలుగులో రాయాలి, తెలియని మాటకు ఇంగ్లీషు వాడినా పరవాలేదు. ముందుకు, వెనక్కి, కుడి, ఎడమ, దాటాక, తిరిగి అనే మాటలు బోర్డు మీద ఉంచండి. ఒక బాబు ఇలా రాశాడు: "గుడి దాటాక నాన్న జీపీఎస్ మాట వినలేదు. మూడు లైట్లు ముందుకు పోయాం. రెండు లైట్లు వెనక్కి వచ్చాం." దాని కింద వాడే మూడు, మైనస్ రెండు వేసి ఒకటి అని రాసుకున్నాడు. నలభై నిమిషాలు పడుతుంది. గళ్ళ కాగితాలు ముందుగానే తెచ్చి పెట్టుకోండి, లైబ్రరీ ప్రింటరు ఆదివారాలు పనిచేయదు.